ఇంగ్లీషు మాటల తికమకలు: ప్రూఫు దిద్దేచోట తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్సులకు ఇంగ్లీషు ప్రూఫులు దిద్దడం నా పని. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, కాలేజీ సావనీర్లు, కారం ప్యాకెట్ల కవర్లు, దుకాణాల బోర్డులు అన్నీ నా బల్ల మీదుగానే వెళతాయి. వాటితో పాటు వచ్చే ప్రశ్నలు ఏటా అవే. బీసెంట్ రోడ్డు వ్యాపారులు అడిగేవి కొన్ని, గుంటూరు బ్రాడీపేటలో పరీక్షలకు చదువుకునే పిల్లలు అడిగేవి కొన్ని. ఇంగ్లీషు అక్షరాలను ఇక్కడ వాటి పేర్లతోనే రాశాను. పక్కన ఒక కాగితం పెట్టుకుని రాసుకుంటూ చదివితే సులువుగా ఉంటుంది.

కారం ప్యాకెట్ మీద ‘చిల్లీ’ స్పెల్లింగ్ ఏది వేయాలి?

గుంటూరు నుంచి వచ్చే పనిలో ఎక్కువ వాదన ఈ మాట మీదే. సి, హెచ్, ఐ, రెండు ఎల్‌లు, చివర ఐ వేస్తే మిరపకాయ. చివరి ఐ తీసి వై వేస్తే ‘చలిగా ఉన్న’ అని అర్థం. వైతో అచ్చు వేసిన ప్యాకెట్ చదివినవాడికి లోపల ఉన్నది చల్లటి పొడి. గుంటూరు కారానికి అంతకన్నా అవమానం ఏముంటుంది?

రెండు మాటలకూ చుట్టరికం లేదు. చలి మాట పాత ఇంగ్లీషులోనే ఉంది. మిరప మాట మెక్సికో ప్రాంతపు నహువాటిల్ భాషలో పుట్టి, స్పానిష్ మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. అమెరికావారు ఒకే ఎల్‌తో రాస్తారు. అక్కడ ఆ మాటకు మాంసం, చిక్కుడు గింజలు వేసి వండే ఒక వంటకం అనే అర్థం కూడా ఉంది. ఎగుమతి సరుకైతే కొనే దేశాన్ని బట్టి స్పెల్లింగ్ ఎంచుకోండి. ఇక్కడ అమ్మేదైతే రెండు ఎల్‌లు, చివర ఐ. భౌగోళిక గుర్తింపు పొందిన గుంటూరు సన్నం మిర్చి పేరును కూడా అలాగే నమోదు చేశారు. బహువచనం కావాలంటే ఆ ఐ తరువాత ఇ, ఎస్ చేర్చండి.

‘స్టేషనరీ’ బోర్డులో చివర ఎ వస్తుందా, ఇ వస్తుందా?

పెన్నులు, కాగితాలు అమ్మే దుకాణానికి చివర ఇ, ఆర్, వై. ఎ, ఆర్, వై అయితే ‘కదలకుండా ఉన్నది’ అని అర్థం.

ఇవి మాత్రం నిజంగా అన్నదమ్ములే. మధ్యయుగాల ఐరోపాలో ఊరూరా తిరిగి సరుకులు అమ్మేవారు ఎక్కువ. విశ్వవిద్యాలయాల దగ్గర కదలకుండా ఒకేచోట కొట్టు పెట్టుకుని పుస్తకాలు అమ్మేవారిని వేరుగా గుర్తించి ‘స్టేషనర్’ అన్నారు. లండన్‌లో వారి సంఘం 1403లో ఏర్పడింది. ‘బేకర్’ నుంచి ‘బేకరీ’ వచ్చినట్టే స్టేషనర్ నుంచి స్టేషనరీ వచ్చింది, రెండింటిలోనూ ఇ, ఆర్ అలాగే మిగిలాయి. బేకరీ స్పెల్లింగ్ తప్పు రాసేవారు తక్కువ కాబట్టి దాన్నే గుర్తు పెట్టుకోండి. తోపుడుబండి మీద నోటు పుస్తకాలు అమ్మినా సరే, అక్షరం మాత్రం ఇ.

శుభలేఖలో ‘మ్యారేజ్’ అనాలా, ‘వెడ్డింగ్’ అనాలా?

మనకు రెండూ పెళ్ళే. ఇంగ్లీషులో ‘వెడ్డింగ్’ అంటే ఆ రోజు జరిగే వేడుక, ‘మ్యారేజ్’ అంటే ప్రధానంగా ఆ తరువాత సాగే దాంపత్యం. అందుకే వారు ‘వెడ్డింగ్’కు బహుమతి ఇస్తారు, ‘మ్యారేజ్’ ఎన్నేళ్ళు నిలిచిందో లెక్క పెడతారు. అయితే వివాహ ప్రక్రియ అనే అర్థంలో ‘మ్యారేజ్’ను వేడుకకు వాడటం కూడా ఉంది కాబట్టి, శుభలేఖలో ఆ మాట పడితే కొంపలు మునగవు. నేను దాన్ని దిద్దను. ‘వెడ్డింగ్’ తాలూకు రెండు డి లలో ఒకటి ఎగిరిపోతే మాత్రం దిద్దుతాను.

శుభలేఖ అడుగున వేసే ‘కాంప్లిమెంట్స్’ సంగతి వేరు. అక్కడ ఎల్ తరువాత ఐ ఉండాలి. ఐ ఉంటే మెచ్చుకోలు, అభినందన, శుభాకాంక్ష. ఐ స్థానంలో ఇ ఉంటే ఒక దానిని పూర్తి చేసేది, పూరకం. ముద్దపప్పుకు ఆవకాయ ఇ తో కాంప్లిమెంట్. ఆ ఆవకాయను మెచ్చుకుంటూ వదినగారితో అన్న మాట ఐ తో కాంప్లిమెంట్.

‘కో-బ్రదర్’ అనే మాట ఇంగ్లీషులో ఉందా?

దక్షిణాదిలో ఉంది. లండన్‌లో అంటే అర్థం కాదు. తోడల్లుడు, తోడికోడలు అనే బంధుత్వాలకు ఇంగ్లీషులో విడి మాటలు లేవు కాబట్టి మనవాళ్ళు ‘కో-బ్రదర్’, ‘కో-సిస్టర్’ అని తయారు చేసుకున్నారు. ఇంగ్లీషువాడు బావను, బావమరిదిని, మరిదిని ఒకే ‘బ్రదర్-ఇన్-లా’లో కట్టేస్తాడు. వదిన, మరదలు, ఆడపడుచులను ‘సిస్టర్-ఇన్-లా’లో కట్టేస్తాడు. ఆ ఇళ్ళలో ఎవరు ఎవరో పేరు చెబితే తప్ప తెలియదు.

‘కజిన్ బ్రదర్’ కూడా ఇలాంటిదే. ఇంగ్లీషులో ‘కజిన్’ ఒక్కటే చాలు, ఆడో మగో పక్క వాక్యం చెబుతుంది. కానీ పెదనాన్న కొడుకును, మేనమామ కొడుకును ఒకే మాటతో పిలవడం మన నోటికి పట్టదు. మొదటివాడు అన్న, రెండోవాడు బావ. వీసా కాగితాల్లో, ఆఫీసు ఉత్తరాల్లో ‘కజిన్’ అనే రాయండి. ఇంట్లో మీ ఇష్టం.

సన్మానం షీల్డును ‘మొమెంటో’ అంటారా, ‘మెమెంటో’ అంటారా?

మెమెంటో. మొదటి అక్షరం ఎమ్ తరువాత ఇ. లాటిన్‌లో ‘గుర్తుంచుకో’ అనే ఆజ్ఞ అది. ‘మొమెంట్’ అనే మాట మనసులో ఉండటం వల్ల చాలామంది ఓ వేస్తారు. శాలువా ఎలాగూ బీరువాలోకి పోతుంది, షీల్డు మాత్రం హాల్లో అద్దాల వెనక తరతరాలు ఉంటుంది. అందుకే ఈ ఒక్క అక్షరం దగ్గర నేను రాజీపడను.

ఇంగ్లీషు మీడియంలో చదివినవారు కూడా అవే తప్పులు చేస్తారు. ఎందుకని?

తప్పులన్నీ ఒకే చోటు నుంచి రావు కాబట్టి, ఒకే మందు పనిచేయదు. మనం చేసే తప్పుల్లో చాలా భాగం తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో పలకడం వల్ల వస్తుంది. అక్కడ ఉన్నది అజ్ఞానం కాదు, తెలుగు వ్యాకరణం తన పని తాను చక్కగా చేసుకుపోవడం. మరికొన్ని చెవి వల్ల వస్తాయి. మన అక్షరమాల వినిపించని తేడా మన చెవికి అందదు. మిగిలినవి ఇంగ్లీషు సొంత లోపాలు. వాటిలో ఇంగ్లండులో పుట్టినవాడు కూడా తడబడతాడు. స్టేషనరీ, కాంప్లిమెంట్ ఈ చివరి జాతివి.

తప్పు దిద్దే ముందు అది ఏ జాతిదో చూడండి. తెలుగు వల్ల వచ్చిన తప్పును స్పెల్లింగ్ పుస్తకం బాగు చేయదు. చెవి తప్పును వ్యాకరణ సూత్రం బాగు చేయదు.

‘సిన్స్’, ‘ఫర్’ ఎక్కడెక్కడ వాడాలి?

బ్రాడీపేట పిల్లలు అన్నిటికన్నా ఎక్కువగా అడిగేది ఇదే. తెలుగు వల్ల వచ్చే తప్పుకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

‘పదేళ్ళ నుంచి ఇక్కడ పని చేస్తున్నాను’ అంటాం. ‘2015 నుంచి ఇక్కడ పని చేస్తున్నాను’ అని కూడా అంటాం. పదేళ్ళు అనేది ఒక కొలత. 2015 అనేది ఒక మొదలు. తెలుగు ‘నుంచి’ రెండింటినీ మోస్తుంది. ఇంగ్లీషు ఒప్పుకోదు. కొలతకు ‘ఫర్’, మొదలుకు ‘సిన్స్’ అని పంచుతుంది. మనం ‘నుంచి’కి ‘సిన్స్’ అని ఒకే సమానార్థకం నేర్చుకుని, పదేళ్ళకు కూడా అదే తగిలిస్తాం.

దీనికి తెలుగులోనే ఒక పరీక్ష ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘పదేళ్ళుగా పని చేస్తున్నాను’, ‘మూడు రోజులుగా జ్వరం’, ‘చాలా కాలంగా చూడలేదు’. ఇవి చక్కగా నిలబడ్డాయి కాబట్టి ‘ఫర్’. ‘సోమవారంగా జ్వరం’, ‘2015గా పని చేస్తున్నాను’ అంటే నవ్వు వస్తుంది. నవ్వు వచ్చిన చోట ‘సిన్స్’. ‘పొద్దుటి నుంచి’, ‘చిన్నప్పటి నుంచి’, ‘పెళ్ళైనప్పటి నుంచి’ అన్నీ ‘సిన్స్’ కిందికే వస్తాయి.

అదే వాక్యంలో రెండో గుంట కూడా ఉంది. తెలుగులో ‘చేస్తున్నాను’ అని వర్తమానం వాడతాం. నిన్న మొదలైనా, పదేళ్ళ కిందట మొదలైనా అదే క్రియ. ఇంగ్లీషులో గతంలో మొదలై ఇప్పటికీ సాగే పనికి ‘ఆమ్ వర్కింగ్’ చాలదు, ‘హావ్ బీన్ వర్కింగ్’ కావాలి. ఇంటర్వ్యూలో ‘సిన్స్’ సరిచేసుకున్నవారు కూడా ఇక్కడ దొరికిపోతారు.

‘ఓపెన్ ది లైట్’ అంటే తప్పా?

తప్పే. కానీ దాని వెనక ఉన్న తెలుగు చూస్తే ముచ్చటేస్తుంది. ‘తలుపు వేయి’ అంటే మూయమని. ‘లైటు వేయి’ అంటే వెలిగించమని. ‘తలుపు తీయి’ అంటే తెరవమని. ‘లైటు తీసేయి’ అంటే ఆర్పమని. ఒకే క్రియ ఒకచోట మూస్తుంది, మరోచోట వెలిగిస్తుంది. తెలుగు పిల్లలెవరూ ఇందులో పొరపడరు. ఇంగ్లీషుకు వచ్చేసరికి తలుపుకు నేర్చుకున్న ‘ఓపెన్’, ‘క్లోజ్’లను లైటుకూ ఫ్యానుకూ పంచుతారు. విద్యుత్తుతో నడిచే ప్రతిదానికీ ‘టర్న్’ లేదా ‘స్విచ్’, దానికి ‘ఆన్’, ‘ఆఫ్’ అని ఒక్క సూత్రం పెట్టుకుంటే సరిపోతుంది. ‘పుట్ ది ఫ్యాన్’ అంటే ఫ్యానును ఎక్కడో పెట్టమన్నట్టు వినిపిస్తుంది.

‘బారో’, ‘లెండ్’ ఎప్పుడూ తారుమారవుతాయి. గుర్తు ఏమైనా ఉందా?

ఇదీ అలాంటిదే. తెలుగులో ‘అప్పు’ అనే ఒకే నామవాచకం ఉంది, దాని పక్కన ‘ఇచ్చాడు’, ‘తీసుకున్నాడు’ చేరి దిక్కు చెబుతాయి. ఇంగ్లీషు క్రియలోనే దిక్కు ఉంటుంది. పుచ్చుకుంటే ‘బారో’, ఇస్తే ‘లెండ్’. ‘లెండ్’, ‘లోన్’ రెండూ ఎల్‌తోనే మొదలవుతాయి, లోన్ ఇచ్చేది బ్యాంకు. బ్యాంకు చేసే పని ‘లెండ్’, మీరు చేసే పని ‘బారో’.

ఇంగ్లీషును మరీ ఆకాశానికి ఎత్తనక్కర్లేదు. అద్దె దగ్గర దాని పని కూడా మనలాగే ఉంది. ఇల్లు అద్దెకు ఇచ్చినా, తీసుకున్నా ‘రెంట్’ అనే అంటారు. ఇచ్చేవారికి మాత్రమే చెల్లే మాట ‘లెట్’. గుమ్మాల మీద వేలాడే ‘టు లెట్’ బోర్డు అదే. ఆ రెండు మాటల మధ్య ఖాళీ తప్పకుండా ఉంచండి. ఖాళీ లేని బోర్డులో ఎవరైనా ఆకతాయి ఓ, ఎల్‌ల నడుమ ఒక ఐ గీస్తే అది మరుగుదొడ్డి బోర్డు అవుతుంది.

‘వైన్’ అని వినగానే వి రాయాలా, డబ్ల్యు రాయాలా?

చూడండి, ఈ ప్రశ్నను తెలుగు లిపిలో సరిగ్గా అడగడం కూడా కుదరదు. రెండింటికీ మనకు ఉన్నది ‘వ’ ఒక్కటే. వి పలికేటప్పుడు పై పళ్ళు కింది పెదవికి తగులుతాయి. డబ్ల్యు పలికేటప్పుడు పళ్ళకు పని లేదు, ఈల వేయబోతున్నట్టు పెదవులు గుండ్రంగా ముందుకు వస్తాయి. మన ‘వ’ ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. అద్దం ముందు నిలబడి ‘వెస్ట్’ అనే మాటను రెండు విధాలా పలికి చూడండి. పళ్ళు తగిలితే బనియను, పెదవులు గుండ్రమైతే పడమర. అలాగే ‘వెట్’ పళ్ళతో పశువుల డాక్టరు, పెదవులతో తడి. ‘వైన్’ పళ్ళతో ద్రాక్ష తీగ, పెదవులతో ద్రాక్ష సారా. కాబట్టి మందు దుకాణం బోర్డుకు డబ్ల్యు. వి వేస్తే తీగలు అమ్మే నర్సరీ అనుకుంటారు.

పలికినట్టు రాస్తే పోయేదానికి ఇంగ్లీషులో ఇన్ని మూగ అక్షరాలు ఎందుకు?

ఒకప్పుడు వాటిలో చాలా అక్షరాలను పలికేవారు. ‘నైట్’ అంటే గుర్రపు వీరుడు, మొదటి అక్షరం కె. ఆ కె ను, నడుమ ఉన్న జి, హెచ్‌లను పూర్వం నిజంగానే ఉచ్చరించేవారు. ఇంగ్లండులో విలియం కాక్స్టన్ 1476లో అచ్చుయంత్రం పెట్టాడు. అచ్చు వచ్చాక స్పెల్లింగులు మెల్లగా గడ్డకట్టాయి. నోరు మాత్రం ఆగలేదు. దాదాపు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లీషు దీర్ఘాచ్చుల ఉచ్చారణ మొత్తంగా మారిపోయింది. రాత పాతచోటే నిలబడింది, పలుకు వెళ్ళిపోయింది.

ఇంకొన్ని అక్షరాలను పండితులు కావాలని దూర్చారు. అప్పు అనే అర్థం ఉన్న ‘డెట్’ ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బి లేదు. లాటిన్ మూలంలో ఉంది కదా అని తరువాత చేర్చారు. ‘రిసీట్’లో పి కూడా అలా వచ్చిందే. ‘ఐలాండ్’ కథ ఇంకా విచిత్రం. అది అచ్చమైన పాత ఇంగ్లీషు మాట, ఎస్ దానిది కాదు. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘ఐల్’లో ఎస్ చూసి, ఇదీ దాని చుట్టమే అనుకుని అంటించారు. చుట్టరికం లేదు, అక్షరం మాత్రం ఉండిపోయింది.

కాబట్టి ‘డెట్’లో బి మరిచిపోయిన కుర్రవాడిని మరీ తిట్టకండి. వాడు 700 ఏళ్ళ కిందటి ఇంగ్లీషు రాశాడు. మన సంగతి కూడా చూసుకోవాలి: ‘పెళ్ళి’లో ళ కింద ళ వత్తా, ల వత్తా అన్నది తెలుగు ప్రెస్సుల్లో ఇప్పటికీ తేలలేదు.

‘ప్రిన్సిపల్’ స్పెల్లింగులు రెండు ఎందుకు ఉన్నాయి?

చివర ఎ, ఎల్ ఉంటే ముఖ్యమైనది లేదా ముఖ్యుడు. కాలేజీ ప్రిన్సిపల్, బ్యాంకు అప్పులో వడ్డీ కాకుండా ఉండే అసలు, రెండూ ఇదే. చివర ఎల్, ఇ ఉంటే సూత్రం, నియమం. నియమం తప్ప మరే అర్థమైనా ఎ, ఎల్. సావనీరులో ప్రిన్సిపల్‌గారి సందేశం పైన ఎల్, ఇ పడితే ఆయన సూత్రంగా మారిపోతారు. ఏటా ఫిబ్రవరి, మార్చిలో ఈ ప్రమాదం ఎక్కువ.

డ్రైవింగ్ ‘లైసెన్స్’లో సి వేయాలా, ఎస్ వేయాలా? బ్రిటిష్ స్పెల్లింగ్ మంచిదా, అమెరికన్ మంచిదా?

బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి సి, క్రియకు ఎస్. 1988 నాటి మన మోటారు వాహనాల చట్టంలో నామవాచకానికి సి తోనే ఉంది. అమెరికాలో రెండింటికీ ఎస్. ‘ప్రాక్టీస్’కు కూడా బ్రిటన్‌లో ఇదే విభజన, కానీ అమెరికాలో రెండింటికీ సి. గుర్తు కావాలంటే ‘అడ్వైస్’, ‘అడ్వైజ్’ పలికి చూడండి. సలహా అనే నామవాచకం ‘స్’ అని వినిపిస్తుంది, దానికి సి. సలహా ఇవ్వడం ‘జ్’ అని వినిపిస్తుంది, దానికి ఎస్. చెవి చెప్పగలిగే ఈ జంటను పట్టుకుని చెవి చెప్పలేని జంటలను దిద్దుకోవచ్చు.

‘కలర్’లో యు ఎగిరిపోవడం, ‘సెంటర్’లో చివర ఇ, ఆర్ రావడం అమెరికా అలవాట్లు. నోవా వెబ్‌స్టర్ 1828లో తెచ్చిన నిఘంటువు వాటిని స్థిరపరిచింది. ఒకటి మంచిది, మరొకటి చెడ్డది అని లేదు. ఐఈఎల్‌టీఎస్ వంటి పరీక్షల్లో కూడా రెండింటినీ ఒప్పుకుంటారు. ఒకే కాగితంలో రెండూ కలపకుండా ఉంటే చాలు. మన ప్రభుత్వ వ్యవహారం, పాఠ్యపుస్తకాలు బ్రిటిష్ దారిలో ఉన్నాయి, కంప్యూటర్లు మాత్రం చాలాసార్లు అమెరికన్ అమరికతో వస్తాయి. మీరు సరిగ్గా రాసిన యు కింద ఎర్రగీత పడేది అందుకే. భాష అమరికలో ఇండియా అని ఎంచుకోండి, గీత పోతుంది.

కృష్ణ మీద ఉన్నది ‘డ్యామ్’ కాదా? ‘బ్యారేజ్’ అని ఎందుకు అంటారు? కాలువ ‘కెనాలా’, ‘ఛానలా’?

డ్యామ్ నీటిని నిల్వ చేయడానికి. నాగార్జునసాగర్ డ్యామ్. బ్యారేజ్ వరుస గేట్లతో నది మట్టాన్ని అదుపులో ఉంచి, నీటిని కాలువల్లోకి మళ్ళించడానికి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజ్ చేసే పని అదే. అంతకు ముందు అక్కడ ఉన్నది 1855లో పూర్తయిన ‘ఆనికట్’. ఆ ఇంగ్లీషు మాట తమిళం నుంచి వెళ్ళింది, మన ఆనకట్టకు తోబుట్టువు. ఇంగ్లీషు పత్రికల్లో ‘బ్యారేజ్’ పక్కన ప్రశ్నలు గానీ, తూటాలు గానీ కనిపిస్తే కంగారు పడకండి. ఎడతెరిపి లేకుండా కురిపించడం అని మరో అర్థం ఉంది.

కెనాల్, ఛానల్ రెండూ ఒకే లాటిన్ మాట నుంచి వచ్చాయి. మనిషి తవ్వినది కెనాల్. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడూ కెనాల్సే. రెండు భూభాగాల మధ్య సముద్రపు పాయ, నదిలో నీరు సాగే దారి, టీవీలో వార్తలు వచ్చేది ఛానల్. పంట బోదెలను కూడా నీటిపారుదల శాఖవారు ఛానల్ అనడం ఉంది, అది తప్పు కాదు.

‘ప్రీపోన్’, ‘అవుట్ ఆఫ్ స్టేషన్’, ‘డూ ది నీడ్‌ఫుల్’ తప్పు ఇంగ్లీషు అంటారు. నిజమేనా?

తప్పులంటే నేను ఒప్పుకోను. ‘పోస్ట్‌పోన్’ అంటే వాయిదా వేయడం, కాబట్టి ముందుకు జరపడానికి ‘ప్రీపోన్’ అన్నాం. లోటు ఉన్నచోట మాట పుట్టింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా భారతీయ వాడుకగా దానికి చోటిచ్చింది. ‘డూ ది నీడ్‌ఫుల్’ మనం కనిపెట్టినది కాదు, ఇంగ్లండువారే ఒకప్పుడు బాగా వాడి వదిలేశారు. మన ఆఫీసు ఫైళ్ళు వదల్లేదు. ‘స్టేషన్’ అంటే బ్రిటిష్ అధికారులు మకాం ఉండే చోటు. ఆ అధికారులు పోయారు, మన సెలవు చీటీల్లో ఆ స్టేషన్ మిగిలింది.

విజయవాడలోనో హైదరాబాదులోనో ఇవి రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. విదేశీ కంపెనీకి రాసేటప్పుడు మాత్రం వేరే మాట చూసుకోండి. ముఖ్యంగా ‘పాస్డ్ అవుట్’తో జాగ్రత్త. సైన్యంలో, పోలీసులో శిక్షణ పూర్తి చేయడాన్ని బ్రిటన్‌లోనూ అలాగే అంటారు. మామూలు సంభాషణలో అది స్పృహ తప్పడం. ‘2022లో ఇంజనీరింగ్ కాలేజీ నుంచి పాస్డ్ అవుట్’ అని రాస్తే, అమెరికాలో చదివినవాడు పాపం అనుకుంటాడు. ‘గ్రాడ్యుయేటెడ్’ అనండి.

‘డిస్కస్ ఎబౌట్’ తప్పు అంటున్నారు. ‘దాని గురించి’ అని చెప్పాలి కదా?

‘డిస్కస్’ లోపలే ‘గురించి’ ఉంది. అలాగే ‘రిటర్న్’ లోపల ‘వెనక్కి’ ఉంది, ‘బ్యాక్’ అక్కర్లేదు. ‘కోప్’ పక్కన ‘అప్’ అక్కర్లేదు. ‘ఎస్టర్‌డే నైట్’కు బదులు ‘లాస్ట్ నైట్’ అంటారు. ఇవి సూత్రంతో రావు, వింటూ చదువుతూ ఉంటే పట్టుబడతాయి.

బోర్డుల మీద అపాస్ట్రఫీ ఎక్కడ పెట్టాలి?

చాలా బోర్డుల్లో ఎక్కడా అక్కర్లేదు. ‘టిఫిన్స్’, ‘మీల్స్’, ‘శారీస్’ కేవలం బహువచనాలు. ఎస్ కనిపించిన ప్రతిచోటా పైన కామా వేలాడదీయడం ఒక జబ్బు. ఎవరిదో చెప్పేటప్పుడే అది కావాలి. ఇక్కడ ఒకే ఒక మినహాయింపు జనాన్ని చంపుతుంది: ‘దాని’ అనే అర్థంలో ఐ, టి, ఎస్ రాసేటప్పుడు అపాస్ట్రఫీ ఉండదు. ‘ఇట్ ఈజ్’ను గానీ ‘ఇట్ హ్యాజ్’ను గానీ కుదించినప్పుడే ఉంటుంది. విడదీసి చదవండి, కుదిరితే పెట్టండి, కుదరకపోతే తీసేయండి.

ఇంకా తరచుగా తారుమారయ్యేవి ఏమిటి?

డి, ఎ, ఐ వరుసలో వస్తే పాల డెయిరీ, డి, ఐ, ఎ వరుసలో వస్తే రోజువారీ రాసుకునే డైరీ. ‘లూజ్’లో ఓ ఒకటే ఉంటే పోగొట్టుకోవడం, రెండు ఉంటే వదులు. ‘డెజర్ట్’లో ఎస్ ఒకటి ఉంటే ఎడారి, రెండు ఉంటే భోజనం తరువాతి తీపి. క్షురకశాలకు ఓ ఒకటి ఉన్న ‘సలోన్’ రాయడం ఈనాటి పద్ధతి. రెండు ఓ లు ఉన్న ‘సెలూన్’ అమెరికాలో మద్యశాల, బ్రిటన్‌లో ఒక రకం కారు, మన దగ్గర మాత్రం ఎప్పటి నుంచో క్షవరమే. టైర్ల దుకాణం మీద ‘పంచర్’ అని రాస్తే గుద్దులు గుద్దేవాడు అని అర్థం, నడుమ సి, టి, యు ఉండాలి. హాస్టల్ బోర్డుల మీద ‘ఎకామడేషన్’కు రెండు సి లు, రెండు ఎమ్‌లు. కాలేజీలో చదివిన ఒక్కరు ‘అలుమ్ని’ కాలేరు, అది బహువచనం. మగవారైతే ‘అలుమ్నస్’, ఆడవారైతే ‘అలుమ్నా’.

మా అమ్మాయి పేరు ‘లత’. టి తరువాత హెచ్ పెట్టాలా?

తెలుగువారు, తమిళులు సాధారణంగా పెడతారు. ట కు టి ఒక్కటి, త కు టి, హెచ్ అని పంచుకున్నాం. ఉత్తరాదివారు త కు కూడా టి ఒక్కటే రాసి, హెచ్‌ను థ కోసం దాచుకుంటారు. అందుకే కవిత, స్వాతి, సుజాత అనే పేర్లు ఢిల్లీలో ఒకలా, గుంటూరులో ఒకలా కనిపిస్తాయి. రెండూ సరైనవే. పదో తరగతి మార్కుల మెమోలో ఏది ఉంటే పాస్‌పోర్టు, బ్యాంకు ఖాతా, శుభలేఖ అన్నిటిలో అదే ఉంచండి. సంఖ్యాశాస్త్రం చెప్పిందని ఉన్నట్టుండి ఇంకో ఎ చేర్చుకుంటే అదృష్టం సంగతి ఏమో గానీ, అఫిడవిట్ల ఖర్చు తప్పదు.

ఫోనులో స్పెల్లింగ్ తనిఖీ ఉండగా ప్రూఫు చూడటం ఎందుకు?

అది లేని మాటను పట్టుకుంటుంది. ఉన్న మాట తప్పుచోట పడితే చాలాసార్లు ఊరుకుంటుంది. ‘ఫార్మ్’, ‘ఫ్రమ్’ తారుమారైనా, ప్రిన్సిపల్ సూత్రమైనా, కారం చల్లబడినా ఎర్రగీత పడుతుందన్న నమ్మకం లేదు. ప్రూఫును చివరి మాట నుంచి మొదటికి వెనక్కి చదవండి. అర్థం తెగిపోతుంది కాబట్టి కన్ను అక్షరాల మీద నిలుస్తుంది. పెద్ద అక్షరాల్లో ఉన్న శీర్షికను, ఫోను నంబరును, తేదీని, వారాన్ని విడిగా చూడండి. అందరూ చిన్న అక్షరాలు జాగ్రత్తగా చదివి పెద్దవాటిని వదిలేస్తారు.

ప్రూఫు మీద సంతకం పెట్టాక తప్పు బయటపడితే ఎవరి బాధ్యత?

సంతకం పెట్టినవారిది. మా తప్పును మీరు గుర్తించి గీత గీసినా మేము దిద్దకపోతే మళ్ళీ ఉచితంగా వేస్తాం. ఫ్లెక్సీ అయితే ఒక్క అక్షరం మీద స్టిక్కరు అంటించి నెట్టుకురావచ్చు. శుభలేఖలైతే కుదరదు, కాబట్టి ఆ ప్రూఫును పెళ్ళికూతురి తరఫున ఒకరు, పెళ్ళికొడుకు తరఫున ఒకరు చదివి సంతకం పెట్టి పంపండి.